దవడ నొప్పికి ఫిజియోథెరపీ ట్రయల్స్: అబ్‌స్ట్రాక్ట్ ఒకటి చెబుతోంది, టేబుల్ ఇంకోటి చెబుతోంది

దవడ_ఫిజియో | సోమవారం, రాత్రి 9:12

అందరికీ నమస్కారం. టీఎండీ, అంటే దవడ కీలు, నమిలే కండరాల నొప్పులతో వచ్చేవాళ్లకి తొమ్మిదేళ్లుగా ఫిజియోథెరపీ చేస్తున్నాను. చాలా రోజులుగా మనసులో నలుగుతున్న విషయం ఒకటి ఇక్కడ పెడుతున్నాను. కొంచెం పొడుగ్గా ఉంటుంది, ఓపికగా చదవండి.

జర్నల్ క్లబ్ కోసం ట్రయల్ పేపర్లు తీసినప్పుడల్లా మొదట అబ్‌స్ట్రాక్ట్ (పేపర్ మొదట్లో ఉండే సారాంశం) చివరి లైను చూస్తాం. లేజర్ అయినా, టేపింగ్ అయినా, డ్రై నీడ్లింగ్ (కండరంలో మందు లేని సన్న సూది గుచ్చడం) అయినా ఆ లైను దాదాపు ఒకేలా ఉంటుంది: "నొప్పి గణనీయంగా తగ్గింది, ఇది మంచి చికిత్స." ఈమధ్య నేను అలవాటు మార్చుకున్నాను. చివరి లైను వదిలేసి నేరుగా టేబుల్ తెరిచి, రెండు గ్రూపుల మధ్య తేడా ఎంత అని వెతుకుతున్నాను. కొన్నిసార్లు ఆ తేడా చాలా చిన్నది. కొన్నిసార్లు అది పేపర్లో ఎక్కడా ఉండదు, నేనే కూడికలు తీసివేతలు చేసుకోవాలి.

ఏ పేపరు అని పేరు పెట్టను. ఒకరిని వేలెత్తి చూపడం కోసం రాయట్లేదు. అర్థం కావడానికి ఊహించిన అంకెలతో చెబుతాను.

నొప్పిని 0 నుంచి 100 మిల్లీమీటర్ల గీత మీద గుర్తు పెట్టమన్నారు అనుకోండి. లేజర్ ఇచ్చినవాళ్లు 20 మంది. మెషీన్ పెట్టి ఆన్ చేయనివాళ్లు, అదే షామ్ గ్రూపు, ఇంకో 20 మంది. లేజర్ వాళ్ల నొప్పి 62 నుంచి 34కి దిగింది. అంటే 28 తగ్గింది. షామ్ వాళ్లది 60 నుంచి 38కి దిగింది. అంటే 22 తగ్గింది. రెండింటి మధ్య తేడా 6 మిల్లీమీటర్లు. దాని 95 శాతం కాన్ఫిడెన్స్ ఇంటర్వల్, అంటే అసలు తేడా ఉండగల పరిధి, మైనస్ 4 (షామే మేలు) నుంచి ప్లస్ 16 (లేజర్ మేలు) వరకు. పీ వాల్యూ, అంటే అసలు తేడాయే లేకపోయినా యాదృచ్ఛికంగా కనీసం ఇంత తేడా కనబడే అవకాశం, 0.24. మామూలుగా అది 0.05 కన్నా తక్కువైతేనే సిగ్నిఫికెంట్ అంటారు.

దీన్ని అబ్‌స్ట్రాక్ట్‌లో ఎలా రాస్తారంటే: "లేజర్ గ్రూపులో నొప్పి గణనీయంగా తగ్గింది, పీ వాల్యూ 0.001 కన్నా తక్కువ. టీఎండీ రోగులకు లేజర్ సమర్థమైన చికిత్స."

మొదటి వాక్యంలో ఒక్క అంకె కూడా అబద్ధం కాదు. 28 తగ్గడం నిజం. పీ వాల్యూ నిజం. కానీ ఆన్ చేయని మెషీన్ పెట్టినా 22 తగ్గిందన్న సంగతి మింగేశారు. రెండో వాక్యం ఆ మింగేసిన దాని మీదే నిలబడింది.

ఇలాంటి లైన్లు నమ్మి నేను రోగులతో "దీని మీద ట్రయల్స్ ఉన్నాయి, పనిచేస్తుంది" అని ఎన్నోసార్లు చెప్పాను. అది తలుచుకుంటే మనసుకి కష్టంగా ఉంది. మీలో ఎవరైనా దీన్ని గమనించారా?

---

అంకెలమనిషి | సోమవారం, రాత్రి 10:05

గమనించడమే కాదు మేడమ్, నా పనిలో సగం ఇదే. నేను వైద్య పరిశోధనలకి స్టాటిస్టిక్స్ చూస్తాను. మీరు చెప్పినదాన్ని పరిశోధకులు స్పిన్ అంటారు. అంకెలు మార్చరు. ఏ అంకె ముందు పెట్టాలి, దేన్ని వెనక్కి నెట్టాలి, ఏ మాటతో ముగించాలి అన్న దగ్గర మెలిపెడతారు.

దీన్ని మొదట పద్ధతిగా లెక్కపెట్టినవాళ్లలో ఇజబెల్ బుత్రోన్ బృందం ముఖ్యమైనది. వాళ్ల పేపర్ 2010లో జామా అనే వైద్య పత్రికలో వచ్చింది. 2006 డిసెంబర్లో అచ్చయిన ట్రయల్స్‌లోంచి, ప్రైమరీ అవుట్‌కమ్‌లో (ట్రయల్‌లో ముఖ్యంగా చూడాలని ముందే ఎంచుకున్న కొలతలో) స్టాటిస్టికల్‌గా తేడా తేలని 72 తీసుకున్నారు. అంటే "అనుకున్నది రుజువు కాలేదు" అని రాయాల్సిన పేపర్లు. వాటిలో 58.3 శాతం అబ్‌స్ట్రాక్ట్‌ల ముగింపులో స్పిన్ కనబడింది. 18 శాతం పేపర్లకి టైటిల్‌లోనే ఉంది. అవి ఒక్క ఫిజియోథెరపీ ట్రయల్స్ కావు, అన్ని రకాల వైద్యానివీ. కాబట్టి ఇది మీ రంగానికి మాత్రమే పట్టిన జబ్బు అనుకోవద్దు.

మీ ఊహా టేబుల్‌లో ఉన్నది ఈ మెలికల్లో బాగా పాతది. ఒక గ్రూపుని దాని పాత స్థితితోనే పోల్చి గెలిచాం అనడం. ర్యాండమైజ్ చేసేదే, అంటే లాటరీ వేసినట్టు రోగుల్ని గ్రూపుల్లోకి పంచేదే, రెండు గ్రూపుల్ని ఒకదానితో ఒకటి పోల్చడానికి. అంత కష్టపడి రెండో గ్రూపుని పెట్టుకుని, చివర్లో దాన్ని పక్కన పెట్టేస్తే ట్రయల్ చేయనట్టే లెక్క.

ఇంకో రూపం కూడా ఉంది: "లేజర్ గ్రూపులో మార్పు సిగ్నిఫికెంట్, షామ్‌లో కాదు, కాబట్టి లేజర్ మెరుగు." వినడానికి సబబుగానే ఉంటుంది. కానీ రెండు చికిత్సలూ నిజానికి సమానమైనా, ఒక గ్రూపులో సిగ్నిఫికెంట్ వచ్చి ఇంకో దాంట్లో రాకపోయే అవకాశం 50 శాతం దాకా ఉండొచ్చని మార్టిన్ బ్లాండ్, డగ్లస్ ఆల్ట్‌మన్ 2011లో ట్రయల్స్ పత్రికలో లెక్కగట్టి చూపారు. మనం 5 శాతం తప్పుకి ఒప్పుకున్నాం అనుకుంటాం. నిజానికి నాణెం ఎగరేసినంత తప్పుకి ఒప్పుకుంటున్నాం.

---

మూడేళ్లనొప్పి | సోమవారం, రాత్రి 11:31

నేను డాక్టర్ని కాదు, రోగిని. ఇక్కడ రాయొచ్చో లేదో తెలియదు.

మూడేళ్లుగా కుడి దవడ. ఆవలింత వస్తుంటే భయం, ఎక్కడ పట్టేస్తుందోనని. నోరు తెరిచినప్పుడు టిక్కుమని శబ్దం. రాత్రిళ్లు ఇంటర్నెట్‌లో వెతికి అబ్‌స్ట్రాక్ట్‌లు చదువుతాను, ఎందుకంటే చాలా పేపర్లకి అది ఒక్కటే ఉచితం. టేబుల్ చూడాలంటే డబ్బు కట్టాలి. దవడ ఫిజియో గారు అన్న ఆ చివరి లైన్లే నాకు ఆధారం.

లేజర్ చేయించుకున్నాను. మొదటి రెండు వారాలు తగ్గినట్టు అనిపించింది, తర్వాత మళ్లీ మామూలే. "ట్రయల్స్‌లో అందరికీ తగ్గింది, నాకెందుకు తగ్గలేదు, నేనేం తప్పు చేస్తున్నాను" అని చాలా మధనపడ్డాను. సరిగ్గా పడుకోవట్లేదేమో, టెన్షన్ పడుతున్నానేమో, గట్టివి తింటున్నానేమో అని నన్ను నేనే తిట్టుకున్నాను. ఇప్పుడు ఈ పోస్టు చదివి ఏడుపొచ్చింది. నా తప్పు కాకపోవచ్చు అని మొదటిసారి అనిపించింది.

---

దవడ_ఫిజియో | మంగళవారం, ఉదయం 6:48

తప్పకుండా రాయాలమ్మా, ఈ చర్చ మీలాంటివాళ్ల కోసమే. మీ తప్పు ఏమీ లేదు. మీరు రాసిన "నేనేం తప్పు చేస్తున్నాను" అన్న మాట మాత్రం నన్ను వదలట్లేదు. స్పిన్ వల్ల నష్టం ఏమిటి అని ఎవరైనా అడిగితే ఇకమీదట అదే చెబుతాను.

---

పళ్లడాక్టర్ | మంగళవారం, మధ్యాహ్నం 1:20

నేను కొంచెం అడ్డంగా మాట్లాడతాను, క్షమించండి. ఇవన్నీ చిన్న ట్రయల్స్. ఒక్కో గ్రూపుకి పదిహేను, ఇరవై మంది దొరకడమే గగనం. పరిశోధన చేసేవాళ్లు రోజంతా రోగుల్ని చూసి, ఆ తర్వాత రాత్రిపూట పేపర్ రాసేవాళ్లు. కళ్లముందు రోగి నోరు తెరవగలుగుతున్నాడు, నవ్వుతున్నాడు. వాళ్లు నమ్మి రాస్తారు, మోసం చేయాలని కాదు.

ఇంకోటి. నా రోగికి నొప్పి 62 నుంచి 34కి దిగితే అది 45 శాతం తగ్గుదల. నొప్పి 30 శాతం తగ్గితే రోగికి చెప్పుకోదగ్గ ఉపశమనం అని నొప్పి ట్రయల్స్‌లో కొలతల గురించి సూచనలిచ్చే ఇమ్‌పాక్ట్ బృందం 2008లో చెప్పింది కదా. అది దాటింది. క్లినిక్‌లో కూర్చున్న నాకు గ్రూపుల మధ్య 6 మిల్లీమీటర్లు ఎందుకు పట్టాలి?

---

అంకెలమనిషి | మంగళవారం, మధ్యాహ్నం 2:44

మంచి ప్రశ్న సర్. మీరన్న 30 శాతం లెక్కనే షామ్ గ్రూపు మీద కూడా పెట్టండి. 60 నుంచి 38కి దిగింది. 22ని 60తో భాగిస్తే దాదాపు 37 శాతం. ఆన్ చేయని మెషీన్ కూడా మీ గీత దాటేసింది! కాబట్టి ఆ గీత దాటడం లేజర్ పనితనానికి సాక్ష్యం కాదు. అసలు ఆ 30 శాతం అనేది ఒక్కో రోగిలో వచ్చిన మార్పుని చూడడానికి. దాన్ని వాడాలంటే "లేజర్ గ్రూపులో ఎంతమంది 30 శాతం దాటారు, షామ్‌లో ఎంతమంది దాటారు" అని పక్కపక్కన పెట్టాలి. గ్రూపు సగటు తీసుకుని గీత దాటింది అంటే కుదరదు.

మరి ఏమీ చేయకుండా 22 ఎలా తగ్గింది? టీఎండీ నొప్పి అలల్లా వస్తుంది, పోతుంది. మనిషి డాక్టర్ దగ్గరికి ఎప్పుడు వెళ్తాడు? ఆ అల ఎత్తులో ఉన్నప్పుడు. ట్రయల్‌లో ఎప్పుడు చేరతాడు? అప్పుడే. పైగా "నొప్పి ఇంత కన్నా ఎక్కువ ఉన్నవాళ్లే అర్హులు" అని నిబంధన కూడా పెడతారు. కాబట్టి ఆ తర్వాత ఎప్పుడు కొలిచినా సగటున తక్కువే వస్తుంది. సగటు వైపు జారడం అంటారు దీన్ని, పంతొమ్మిదో శతాబ్దంలోనే ఫ్రాన్సిస్ గాల్టన్ తల్లిదండ్రుల ఎత్తు, పిల్లల ఎత్తు పోలుస్తూ పట్టుకున్న సంగతి. దానికి తోడు ఒకరు శ్రద్ధగా చూశారన్న ఊరట, జాగ్రత్తలు విని గట్టివి నమలడం మానేయడం, దీనికి ఏదో చేస్తున్నాం అన్న ఆశ. ఇవన్నీ రెండు గ్రూపుల్లోనూ పనిచేస్తాయి. లేజర్ వాటా ఎంత అంటే ఆ మిగిలిన 6. అది కూడా మైనస్ 4 నుంచి ప్లస్ 16 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు.

మీ మొదటి మాటతో మాత్రం నేను పూర్తిగా ఏకీభవిస్తాను. చాలామంది నమ్మే రాస్తారు. అందుకే పట్టుకోవడం కష్టం.

---

పళ్లడాక్టర్ | మంగళవారం, సాయంత్రం 5:02

షామ్ గ్రూపు శాతం నేను లెక్క కట్టనే లేదు. నిజమే. ఒప్పుకుంటున్నాను.

---

దవడ_ఫిజియో | మంగళవారం, రాత్రి 9:30

ఇప్పుడు మా గదిలో ఏం జరుగుతుందో దగ్గరగా చూపిస్తాను. స్పిన్‌కి ఇంత చోటు ఎక్కడినుంచి వస్తుందో అప్పుడు తెలుస్తుంది.

రోగి కుర్చీలో కూర్చుంటారు. నేను ప్లాస్టిక్ స్కేలు పట్టుకుని పై ముందుపన్ను అంచు నుంచి కింది ముందుపన్ను అంచు దాకా కొలుస్తాను. మొదట "నొప్పి మొదలయ్యేదాకా మాత్రమే తెరవండి" అంటాను. అది ఒక అంకె. తర్వాత "నొప్పి ఉన్నా సరే, ఎంత వీలైతే అంత తెరవండి." రెండో అంకె. తర్వాత నా బొటనవేలు, చూపుడువేలు పళ్ల మధ్య పెట్టి నెమ్మదిగా ఇంకొంచెం తెరిపిస్తాను. మూడో అంకె. టీఎండీ నిర్ధారణకి 2014లో వచ్చిన డీసీ టీఎండీ ప్రమాణాల్లో ఈ మూడూ వేర్వేరు కొలతలు. స్కేలు కాస్త వాలితే, రోగి తల కాస్త వెనక్కి వాల్చితే, ఒకే మనిషికి పది నిమిషాల తేడాలో కొలిచినా అంకె మారుతుంది.

నొప్పి కూడా అంతే. ఊరికే ఉన్నప్పుడు ఎంత, నమిలేటప్పుడు ఎంత, నోరు తెరిచేటప్పుడు ఎంత. మూడు. తర్వాత ఒత్తిడి మీటర్ తీసుకుని చెంప కండరం మీద, కణత కండరం మీద నొక్కుతూ ఎక్కడ నొప్పి మొదలవుతుందో చూస్తాం. కుడి, ఎడమ కలిపి నాలుగు. తర్వాత దవడ పనితీరు ప్రశ్నల పట్టిక ఒకటి, జీవన నాణ్యత పట్టిక ఒకటి.

లెక్కపెట్టండి. 12 అయ్యాయి. వీటిని చికిత్స అయిన వెంటనే, నెలకి, మూడు నెలలకి కొలిస్తే 36 అంకెలు. ఏది ముఖ్యమో ముందే చెప్పి ఉండకపోతే, ఆ 36లో ఏది బాగా వచ్చిందో చూసి దాన్ని ముందు పెట్టుకునే వీలు ఉంటుంది. "నోరు తెరవడం మెరుగైంది" అని రాస్తారు. మూడింటిలో ఏ తెరవడం?

---

అంకెలమనిషి | మంగళవారం, రాత్రి 10:11

దీన్ని ఇంతకన్నా బాగా ఎవరూ చెప్పలేరు. ఒక్క లెక్క కలుపుతాను. చికిత్సకి అసలు ప్రభావమే లేదనుకోండి. 12 కొలతలు ఒకదానికొకటి సంబంధం లేనివైతే, కనీసం ఒక దాంట్లో పీ వాల్యూ 0.05 కన్నా తక్కువ రావడానికి అవకాశం 46 శాతం. నిజానికి ఈ కొలతలకి ఒకదానితో ఒకటి సంబంధం ఉంటుంది కాబట్టి కాస్త తగ్గుతుంది, కానీ 5 శాతానికి చాలా పైనే ఉంటుంది. దానికి మూడు తేదీలు కూడా కలిపితే ఏదో ఒకటి దొరక్కపోవడమే ఆశ్చర్యం.

అందుకే ట్రయల్ మొదలుపెట్టకముందే ప్రైమరీ అవుట్‌కమ్ ఏది, ఏ తేదీన కొలుస్తాం అన్నది పబ్లిక్ రిజిస్ట్రీలో రాయాలి. 2005 జులై 1 తర్వాత రోగుల్ని చేర్చుకునే ట్రయల్స్‌కి ఇది ముందే చేసి ఉండాలని వైద్య పత్రికల సంపాదకుల అంతర్జాతీయ కమిటీ నియమం పెట్టింది. నియమం ఉన్నంత మాత్రాన సరిపోలేదు. ఆక్స్‌ఫర్డ్‌లో బెన్ గోల్డేకర్ బృందం కంపేర్ అనే ప్రాజెక్టులో ఐదు పెద్ద పత్రికల్లో వచ్చిన 67 ట్రయల్స్‌ని వాటి రిజిస్ట్రేషన్‌తో సరిపోల్చింది. అవుట్‌కమ్‌ల విషయంలో ఏ తేడా లేకుండా ఉన్నవి 9. అవి ప్రపంచంలో అతి పెద్ద పత్రికలు. చిన్న పత్రికల్లో వచ్చే చిన్న ట్రయల్స్ చదివేటప్పుడు ఆ అంకె మనసులో పెట్టుకోవాలి.

---

పీజీ_రెండో_ఏడు | బుధవారం, రాత్రి 12:56

ఇంత రాత్రి రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి. నిద్ర పట్టట్లేదు. నేను ఫిజియోథెరపీ పీజీ చేస్తున్నాను. నా థీసిస్ టీఎండీ ట్రయలే. అంకెలు ఇక్కడ పెట్టలేను, ఇంకా సబ్మిట్ చేయలేదు.

రిజిస్ట్రేషన్‌లో మేం రాసిన ప్రైమరీ అవుట్‌కమ్ మూడు నెలల దగ్గర నమిలేటప్పటి నొప్పి. అందులో రెండు గ్రూపుల మధ్య తేడా తేలలేదు. ఒక నెల దగ్గర ఎడమ చెంప కండరం ఒత్తిడి కొలతలో మాత్రం తేలింది. మా గైడ్ అబ్‌స్ట్రాక్ట్‌లో దాన్ని మొదట పెట్టమన్నారు. నొప్పి గురించి "రెండు గ్రూపుల్లోనూ గణనీయంగా తగ్గింది" అని రాయమన్నారు. "తేలలేదు అని రాస్తే ఏ పత్రిక తీసుకుంటుంది, నీ రెండేళ్లు వృథా అవుతాయి" అన్నారు. ఆయన చెడ్డ మనిషి కాదు, నా మీద శ్రద్ధతోనే అన్నారు. నిన్నటిదాకా నాకూ అందులో తప్పు కనబడలేదు. ఈ చర్చ చదివాక, ముఖ్యంగా మూడేళ్లనొప్పి గారి పోస్టు చదివాక, ఆ డ్రాఫ్ట్ తెరిచి చూడలేకపోతున్నాను.

ఏం చేయను?

---

పాతసమీక్షకుడు | బుధవారం, ఉదయం 8:15

బాబూ, ముందు కాస్త నిద్రపో. సబ్మిట్ చేయలేదు కాబట్టి ఏదీ చేయి దాటిపోలేదు.

నేను చాలా ఏళ్లుగా పత్రికలకి పేపర్లు రివ్యూ చేస్తున్నాను. మీ గైడ్ భయం ఊహ కాదు. "తేలలేదు" అన్న పేపర్లు వెనక్కి వచ్చిన రోజులు నేనూ చూశాను. ఆ భయమే ఈ స్పిన్‌కి తల్లి. ఒక్కొక్కరి నిజాయితీ గురించి మాట్లాడుకుంటే ఈ సమస్య అర్థం కాదు.

కానీ పరిస్థితి మారుతోంది. నేను పేపర్ చేతికి రాగానే చేసే మొదటి పని, రిజిస్ట్రేషన్ నంబర్ కొట్టి చూడడం. క్లినికల్‌ట్రయల్స్ డాట్ గవ్‌లో అయితే ఏ తేదీన ఏం మార్చారో పాత వెర్షన్లన్నీ ఉంటాయి. మూడు నెలల నొప్పి అని రిజిస్టర్ చేసి, అబ్‌స్ట్రాక్ట్‌లో ఒక నెల ఒత్తిడి కొలత కనబడితే ఆ పేపర్ మీద నాకు నమ్మకం అక్కడే పోతుంది. మిగతాదంతా నిజమైనా సరే, అనుమానంతోనే చదువుతాను. గైడ్‌కి ఈ మాట చెప్పు: దాచినా దాగదు, దొరికితే పేపర్‌కే నష్టం.

ట్రయల్స్‌ని పేపర్లో ఎలా రాయాలో ప్రమాణాలిచ్చే కన్సార్ట్ వాళ్లు 2008లో అబ్‌స్ట్రాక్ట్‌ల కోసం ప్రత్యేకంగా ఒక చెక్‌లిస్ట్ ఇచ్చారు. ప్రైమరీ అవుట్‌కమ్ ఫలితం రెండు గ్రూపులకీ ఇవ్వాలి, తేడా ఎంతో, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ ఎంతో ఇవ్వాలి, దుష్ఫలితాలు కూడా చెప్పాలి. డ్రై నీడ్లింగ్ చేసి ఎంతమందికి గాయం కమిలింది, వ్యాయామాల వల్ల ఎంతమందికి నొప్పి పెరిగింది అన్నది అబ్‌స్ట్రాక్ట్‌లో కనబడడం చాలా అరుదు. ఆ చెక్‌లిస్ట్ ప్రింట్ తీసి డ్రాఫ్ట్ పక్కన పెట్టుకో.

ఒత్తిడి కొలత ఫలితాన్ని దాచమని అనట్లేదు. దాన్ని దాని స్థానంలో రాయి. సెకండరీ (ప్రైమరీ కాని అదనపు కొలత), ఒక తేదీలో మాత్రమే, ఒక వైపు మాత్రమే, అనేక కొలతల్లో ఒకటి.

---

అంకెలమనిషి | బుధవారం, ఉదయం 9:02

పాతసమీక్షకుడు గారు చెప్పింది అక్షరాలా పాటించు తమ్ముడూ. ఒకటే అడుగుతాను. మధ్యలో మానేసినవాళ్లని లెక్కలోంచి తీసేశారా? చికిత్స నచ్చక, నొప్పి పెరిగి మానేసినవాళ్లని తీసేస్తే మిగిలేది బాగుపడ్డవాళ్లే. ఎవరిని ఏ గ్రూపులో వేశారో అందరినీ ఆ గ్రూపులోనే లెక్కించాలి. ముందు అది చూసుకో.

---

పీజీ_రెండో_ఏడు | బుధవారం, మధ్యాహ్నం 3:40

తీసేశాం సర్. "పూర్తి చేసినవాళ్ల విశ్లేషణ" అని మాత్రమే రాశాం. ఈ రాత్రి అందరినీ కలిపి మళ్లీ చేస్తాను.

---

మూడేళ్లనొప్పి | బుధవారం, సాయంత్రం 6:25

ఒక మాట సూటిగా అడగాలి. ఇదంతా చదువుతుంటే దవడకి ఫిజియోథెరపీ దండగ అనిపిస్తోంది. మానేయమంటారా? వచ్చే వారం నాకు అపాయింట్‌మెంట్ ఉంది.

---

దవడ_ఫిజియో | బుధవారం, రాత్రి 8:50

మానేయొద్దు. మీరు ఈ ప్రశ్న వేస్తారని భయపడ్డాను, వేసినందుకు సంతోషంగా కూడా ఉంది.

ఫిజియోథెరపీ అంటే ఒకే చికిత్స కాదు. 2023 డిసెంబర్లో బీఎమ్‌జే అనే వైద్య పత్రికలో దీర్ఘకాలిక టీఎండీ నొప్పికి మార్గదర్శకాలు వచ్చాయి. ఒక్కో పేపర్ ముగింపు లైనుని నమ్మకుండా, ఉన్న ట్రయల్స్ అంకెలన్నీ కలిపి తూచి ఇచ్చినవి. అందులో బలంగా సిఫారసు చేసినవాటిలో ఫిజియో పనే ఎక్కువ: చేత్తో కీలుని కదిలించడం, కండరంలో ముడిపడ్డ చోట చేత్తో నొక్కి సడలించడం, దగ్గరుండి చేయించే దవడ వ్యాయామాలు, సాగదీయడం, దగ్గరుండి చేయించే భంగిమ వ్యాయామాలు. వాటితోపాటు ఆలోచనల మీద పనిచేసే సీబీటీ, ఇంటి దగ్గర వ్యాయామాలు, జాగ్రత్తలు, ధైర్యం చెప్పడం. అదే పత్రంలో లో లెవల్ లేజర్, టెన్స్ కరెంటు చికిత్సలు వాడకపోవడమే మేలన్న వైపు మొగ్గారు, అది షరతులతో కూడిన సిఫారసు అనుకోండి.

స్పిన్ మీద నా కోపమంతా ఇక్కడే. అన్ని అబ్‌స్ట్రాక్ట్‌లూ "పనిచేసింది" అనే అంటే, నిజంగా పనిచేసేదానికీ చేయనిదానికీ తేడా కనబడకుండా పోతుంది. రోగి పది సిట్టింగులు మెషీన్ కింద పడుకుని, రోజూ చేయాల్సిన వ్యాయామం నేర్చుకోకుండా వెళ్లిపోతాడు. మీరూ లేజర్ చేయించుకున్నారు కదా.

వచ్చే వారం వెళ్లినప్పుడు మీ ఫిజియోని మర్యాదగా ఒకటే అడగండి: "ఈ చికిత్స చేయనివాళ్లతో పోలిస్తే, చేసినవాళ్లకి ఎంత ఎక్కువ తగ్గింది?" ఎంత తగ్గింది అని అడగొద్దు, ఎంత ఎక్కువ తగ్గింది అని అడగండి. మంచి ఫిజియోకి ఆ ప్రశ్న నచ్చుతుంది.

---

పళ్లడాక్టర్ | బుధవారం, రాత్రి 9:37

మా వైపు మెలిక కూడా ఒకటి చెబుతాను, మొన్న వాదించాను కాబట్టి ఇది నా బాధ్యత. స్ప్లింట్‌నీ (పళ్ల మీద తొడిగే ప్లాస్టిక్ తొడుగు) వ్యాయామాన్నీ పోల్చే ట్రయల్స్‌లో "గణనీయమైన తేడా లేదు, కాబట్టి రెండూ సమానంగా పనిచేస్తాయి" అని రాస్తారు. నేనూ రోగులకి అదే చెప్పేవాణ్ణి. అది కూడా స్పిన్ కిందికే వస్తుందా?

---

అంకెలమనిషి | బుధవారం, రాత్రి 10:20

వస్తుంది సర్. మళ్లీ ఊహించిన అంకెలే. రెండింటి తేడా 2 మిల్లీమీటర్లు, ఇంటర్వల్ మైనస్ 13 నుంచి ప్లస్ 17 వరకు. ఆ ఇంటర్వల్‌లో "వ్యాయామం చాలా మేలు" ఉంది, "స్ప్లింట్ చాలా మేలు" ఉంది, "సమానం" కూడా ఉంది. ఏదీ కొట్టేయలేదు. సమానం అనాలంటే, ఎంత తేడా దాకా సమానం అనుకుంటామో ముందే గీత గీసి, ఇంటర్వల్ మొత్తం ఆ గీతల లోపల పడాలి. దానికి చాలా ఎక్కువమంది రోగులు కావాలి. ఆల్ట్‌మన్, బ్లాండ్‌లే 1995లో బీఎమ్‌జేలో ఒక చిన్న నోట్ రాశారు, సాక్ష్యం దొరక్కపోవడం వేరు, లేదని సాక్ష్యం దొరకడం వేరు అని.

చదివేవాళ్లం తెలివైనవాళ్లం, మనం మోసపోం అని కూడా అనుకోవద్దు. క్యాన్సర్ ట్రయల్స్ అబ్‌స్ట్రాక్ట్‌లతో 2014లో బుత్రోన్ బృందమే 300 మంది పరిశోధక వైద్యులకి ప్రయోగం పెట్టింది. సగం మందికి స్పిన్ ఉన్న అబ్‌స్ట్రాక్ట్, సగం మందికి స్పిన్ తీసేసి తిరగరాసినది. స్పిన్ ఉన్నది చదివినవాళ్లు చికిత్స ప్రయోజనానికి 10కి సగటున 0.71 ఎక్కువ వేశారు. వాళ్లంతా స్వయంగా ట్రయల్స్ చేసి పేపర్లు రాసినవాళ్లు.

---

దవడ_ఫిజియో | గురువారం, ఉదయం 7:05

పెడ్రో స్కోరు గురించి కూడా చెప్పాలి. మా రంగంలో పేపర్ నాణ్యతకి అదే కొలబద్ద. దాని పదో అంశం సరిగ్గా గ్రూపుల మధ్య పోలిక ఇచ్చారా అనే అడుగుతుంది. కానీ ఇచ్చిన పోలికకీ రాసిన ముగింపుకీ పొంతన ఉందా అని ఎక్కడా అడగదు. టేబుల్‌లో ఒక మూల ఆ అంకె ఉంటే మార్కు పడిపోతుంది. మంచి స్కోరు చూసి ముగింపుని నమ్మేయడం నేనూ చేశాను.

---

పీజీ_రెండో_ఏడు | శుక్రవారం, రాత్రి 11:18

అందరినీ కలిపి మళ్లీ లెక్కించాను. ప్రైమరీలో తేడా ఇంకా కొంచెం తగ్గింది. ముగింపు తిరగరాశాను, చూడండి:

"మూడు నెలల దగ్గర నమిలేటప్పటి నొప్పిలో రెండు గ్రూపుల మధ్య తేడా లేదు. సెకండరీ కొలతల్లో ఒకదానిలో, ఒక నెల దగ్గర మాత్రమే, తేడా కనిపించింది. అనేక కొలతలు తీసుకున్నందున ఇది యాదృచ్ఛికం కావచ్చు. ఇద్దరు రోగులకి వ్యాయామాల తర్వాత నొప్పి పెరిగింది."

ఆ చివరి వాక్యం పాత డ్రాఫ్ట్‌లో లేనే లేదు. నోట్‌బుక్‌లో ఉంది, నేనే రాసుకున్నాను, కానీ పేపర్‌లో పెట్టాలని తోచలేదు.

---

పాతసమీక్షకుడు | శనివారం, ఉదయం 7:30

ఈ పేపర్ నా దగ్గరికి రివ్యూకి వస్తే సంతోషంగా చదువుతాను.

---

అంకెలమనిషి | శనివారం, ఉదయం 8:12

ఒక్క మాట మార్చు తమ్ముడూ. "తేడా లేదు" అనకు. మీ ట్రయల్ చిన్నది, తేడా లేదని అది చెప్పలేదు. "తేడా ఉందని తేలలేదు" అని రాసి, పక్కనే ఇంటర్వల్ పెట్టు.

---

పీజీ_రెండో_ఏడు | శనివారం, ఉదయం 8:40

మార్చాను సర్. రిజిస్ట్రేషన్ పేజీ ప్రింటు, కన్సార్ట్ చెక్‌లిస్ట్ కూడా జత చేసి మా గైడ్‌కి ఇప్పుడే పంపాను. సోమవారం రమ్మన్నారు.